పేరు పెట్టి పిలువు

“నల్లబల్లకేసి తిరిగి రాయమ్మా! అలా పక్కకు నిలబడి రాస్తే అక్షరాలు కొండెక్కుతున్నాయి.”

వెనక వరుసలోంచి వచ్చిన ఆ మాటకు ఐజిరెక్ చేతిలో సుద్దముక్క విరిగింది. తలగుడ్డ సవరించుకుంది కానీ తిరగలేదు. మళ్ళీ ఏటవాలుగానే, స్పానిష్‌లో రాసింది: మీ పక్కనున్న మనిషిని పరిచయం చేయండి.

మాట విసిరినావిడ సైరా మేడమ్, రాజధాని నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు. ఈ పూట పాఠం ఆమెకు నచ్చితే, కోచ్కోర్ ఊరి బడిలో సాయంకాలపు స్పానిష్ తరగతి ఐజిరెక్‌కు శాశ్వతమవుతుంది. నచ్చకపోతే సోమవారం నుంచి గదికి తాళమే.

పాఠం మొదలుకాకముందే మేడమ్ తేల్చి చెప్పింది: “అందరినీ పేరు పెట్టి పిలవాలి. పేరు పిలిస్తేనే మనిషికి నోరు పెగులుతుంది. ఇంటి సంగతులంటావా, అవి గుమ్మం అవతలే వదిలి రావాలి. మొన్నొకావిడ పిల్లాడికి జ్వరమంటూ మొదలెట్టింది. ఇంటికి పంపేశాను.”

బయట గాలి ఆగడం లేదు. కిటికీ అద్దం గడగడలాడుతోంది. కంచెకు కట్టిన గుర్రం గిట్టలతో నేలను తవ్వుతోంది. బల్లల వెనక కూర్చున్నవాళ్ళు పిల్లలు కారు. వేసవిలో సోన్‌కుల్ సరస్సు ఒడ్డున యాత్రికులకు గుడారాలు వేసేవాళ్ళు, వండిపెట్టేవాళ్ళు, గుర్రాలు నడిపేవాళ్ళు.

“కనికేయ్!” పిలిచింది ఐజిరెక్.

వంటలక్క కనికేయ్ లేచి, పక్కవాణ్ణి చూపించి, స్పానిష్‌లో గడగడా చెప్పింది: “ఇతను తెమిర్‌బోలోత్. గుర్రాలు నడుపుతాడు. ఇతనికంటే గుర్రానికే బుద్ధి ఎక్కువ.”

“నీ రొట్టె పెడితే నా గుర్రం ముట్టుకోదుగా, అదీ దాని బుద్ధి!” అన్నాడు తెమిర్‌బోలోత్.

గది గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వింది. పాఠం చెప్పే పిల్ల గట్టిదే, గెలిపించవచ్చు అనుకుంది.

వంతు మూలబల్లకు చేరింది. అక్కడ తెల్లటి ఉన్ని టోపీతో ఒక పెద్దాయన. అప్పటిదాకా గంటలా మోగిన ఐజిరెక్ గొంతు, నీళ్ళలో పడ్డ గంటలా అణిగిపోయింది.

“తర్వాత... మీరు,” అంది, నేల చూస్తూ.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

“జుమాకదిర్ తాతా, మీ వంతే!” అందించింది కనికేయ్.

ఆయన సగం లేచాడు, దగ్గాడు, కూర్చున్నాడు. ఐజిరెక్ గబగబా పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

మేడమ్ మనసు నిలవలేదు. కలం మూత తీసింది, పెట్టింది, తీసింది. పాఠానికి బొమ్మల కాగితాలు పంచేటప్పుడు అందరి బల్లలకూ చకచకా తిరిగిన పిల్ల, ఆ మూలబల్ల దగ్గర మాత్రం నిప్పు తొక్కినట్టు వెనకడుగులు వేసింది. భయమా? పాత పగా? చదువు లేని ముసలివాడని చులకనా?

టీ విరామంలో వరండాలో పట్టుకుంది. “ఆ పెద్దాయనతో నీకేం గొడవ?”

“గొడవేం లేదు మేడమ్.”

“తాగివచ్చి అల్లరి చేస్తాడా?”

“అయ్యో! చాలా మంచివారు.”

“మరెందుకా వణుకు?”

ఐజిరెక్ నోరు తెరిచింది. ‘గుమ్మం అవతలే’ అన్న మాట గుర్తొచ్చిందేమో, మూసుకుంది.

విరామం ముగిసింది. మేడమ్ ఈసారి కూర్చోలేదు.

“ఆఖరి పరీక్ష. ఆయన్ని పేరు పెట్టి పిలువు. సమాధానం రాబట్టు. ఈ తరగతి నీది.”

ఐజిరెక్ తలగుడ్డ అంచు ముందుకు లాక్కుంది. చెవుల దాకా ఎర్రబడింది.

“అది కాదు మేడమ్...” అంటూ లేచింది కనికేయ్.

“నిన్నడగలేదు, కూర్చో! ఏమ్మా, పేరు కూడా నోటికి రానంత పరాయివాడా?”

కిటికీ అద్దం గడగడలాడింది. మేడమ్ సంచీ భుజాన వేసుకుంది. “తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

అప్పుడు మూలబల్ల కిర్రుమంది. పెద్దాయన లేచాడు. బల్లలు పట్టుకుంటూ ముందుకొచ్చాడు. ఐజిరెక్ తల దించుకుని పక్కకు జరిగి దారిచ్చింది.

“నా పక్కనున్న మనిషిని పరిచయం చేస్తాను,” అన్నాడాయన, స్పానిష్‌లో, అడుగులో అడుగు వేసినట్టు. “ఈమె పేరు ఐజిరెక్. చలికాలమంతా మంచులో నడిచొచ్చి మాకు ఈ భాష నేర్పింది. ఈ ఏడు సరస్సు దగ్గర అతిథులతో నేనే మాట్లాడతాను. మధ్యవర్తి అక్కర్లేదు.”

ఒక్క తప్పు లేదు. మేడమ్ సంచీ భుజం మీంచి జారింది.

“ఇంత బాగా నేర్పిన పిల్ల, ఒక్కసారైనా మీ పేరెందుకు పిలవదు?”

పెద్దాయన నవ్వాడు.

“కోడలు మామకు వీపు చూపుతుందా, మామ పేరు పలుకుతుందా, మేడమ్?”