చిల్లు లేని కార్డులు

“ఇవాళ్టి లోడు వచ్చిందా?”

అల్లుడు ఇంకా చెప్పులైనా విప్పలేదు. లోపల బల్ల దగ్గర్నుంచి మామగారి కేక.

సంచీలోంచి కార్డుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు అల్లుడు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెన్సిలు చెక్కుకుని, మధ్యాహ్నం నుంచీ అక్కడే కూర్చున్నారట. అత్తగారు చెప్పారు. చెప్పిన తీరులో మెచ్చుకోలేమీ లేదు.

మామగారు ఒకప్పుడు పంచింగ్ విభాగంలో సూపర్‌వైజరు. ఒక్క కంప్యూటరే గదంతా ఆక్రమించుకునే రోజులవి. దానికి ఏం చెప్పాలన్నా అట్టకార్డు మీద చిల్లులు పొడిచి చెప్పాలి. అక్షరానికో నిలువు వరస. అన్నిటికంటే పైన ఒక చిల్లు, కింద ఒకటో అంకె మీద ఇంకో చిల్లు పడితే ‘ఏ’. ఆ చిల్లుల్ని ఆయన, మనం పేపరు చదివినంత సులువుగా చదివేసేవారు. కార్డులు పోయాయి, విభాగం పోయింది, ఆయనా రిటైరయ్యారు. కూతురింటికి వచ్చాక గోడ గడియారాన్ని చూస్తూ కూర్చోవడమే ఆయనకి మిగిలిన ఉద్యోగం.

అది చూడలేకే అల్లుడు ఈ పని మొదలుపెట్టాడు. టైపు చేసిందాన్ని అచ్చం పాతకాలపు పంచ్ కార్డు బొమ్మగా మార్చే ప్రోగ్రాము ఒకటి అతని కంటపడింది. అక్షరం కొడితే చాలు, తెర మీది కార్డులో నల్లగా చిల్లులు పడతాయి. చేతికందిన వార్తా, వంటల చిట్కా, ఏదో ఒకటి కొట్టి, దళసరి కాగితం మీద ప్రింటు తీయించి, కొలత ప్రకారం కత్తిరించి, అసలు కార్డుకి ఉన్నట్టే ఒక మూల కూడా కోసి తెచ్చాడు.

“మా ఆఫీసులో పాత రికార్డులన్నీ ఇలా కార్డు బొమ్మలుగా దాచిపెడుతున్నారు మామయ్యగారూ. తప్పులు పట్టేవాళ్ళే దొరకడం లేదు.”

మామగారు ఒక కార్డు తీసి, అలవాటు కొద్దీ దీపానికి ఎత్తిపట్టారు. చిల్లుల్లోంచి వెలుతురు రాలేదు. ఎలా వస్తుంది, ఉన్నదంతా సిరా అయితే?

“చిల్లులు లేవే?”

“బొమ్మలే కదండీ. పొడిచే మిషన్లు ఇప్పుడెక్కడున్నాయి?”

మామగారు అతనికేసి కాసేపు చూశారు. “పోనీలే, ఇలా ఇవ్వు” అని పెన్సిలు అందుకున్నారు.

అలా మొదలైంది. అల్లుడు కావాలనే అక్కడక్కడా తప్పులు పెట్టేవాడు. ఆయన ఒక్కటీ వదిలేవారు కాదు. తప్పు లేని కార్డు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టేవారు. వాళ్ళ రోజుల్లో తనిఖీ అయిందనడానికి అదే గుర్తట.

“ఎవరయ్యా మీ ఆపరేటరు? అవి చేతులా, చేటలా?” అని తిట్టేవారు. ఆ ఆపరేటరు ఎదురుగానే తల వంచుకుని నిలబడేవాడు.

“తప్పులన్నీ మళ్ళీ కొట్టించి పట్రా. రేపు ఇంకాస్త ఎక్కువ తెచ్చినా ఫరవాలేదు. ఇది నాకు ఏ మూలకి?”

లోడు పెరిగింది. పొద్దున బయలుదేరిన అల్లుడికి సాయంత్రం దాకా టైపు కొట్టడం, ప్రింట్లు, కత్తిరింపులు, వీటితోనే సరిపోయేది.

“రోజంతా నాన్న కార్డులతోనే కూర్చుంటే ఆఫీసులో నిన్ను ఏమీ అనరా?” అని భార్య అడిగింది.

“నన్నెవరూ ఏమీ అనరు” అన్నాడు ముఖం పక్కకి తిప్పుకుని.

పక్కింటాయన వస్తే చాలు, మామగారు అందుకునేవారు. “మావాడు లేకపోతే ఆ ఆఫీసు ఒక్క రోజు నడవదండీ. ఇంటికొచ్చినా పనే!” ఆ మాట వింటే అల్లుడికి తల కొట్టేసినట్టుండేది. ఇంట్లో ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేకపోయేవాడు.

ఇంతలో మామగారికి చూపు మసకబారింది. కంటి డాక్టరు పరీక్షించి, వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు చదవడం, రాయడం ఏమీ ఉండకూడదు. ఆలస్యం చేస్తే మాత్రం ఉన్న చూపూ దక్కదు.

“ఇప్పుడు కుదరదు. పని ఆగిపోతుంది” అన్నారు మామగారు. కూతురు బతిమాలింది, అత్తగారు కసిరారు. ఆయన కార్డుని ముక్కుకి ఆనించుకుని మరీ చదవడం మొదలుపెట్టారు.

ఆ పూటంతా అల్లుడు ఒక్క అబద్ధంతో పెద్దాయన కళ్ళు పొడిచేస్తున్నానని కుమిలిపోయాడు. నిజం చెబితే ఆ ముఖంలో వెలుగు మళ్ళీ చూడలేడు. చెప్పకపోతే ఆయనకే వెలుగుండదు. మింగలేక, కక్కలేక నలిగిపోయి, చివరికి చెప్పేయడానికే నిశ్చయించుకున్నాడు.

మర్నాడు వట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. ‘ఆ కార్డులు ఎవరికీ అక్కర్లేదు మామయ్యగారూ, అన్నీ నేనే కొట్టాను, క్షమించండి’ అని దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల అత్తగారి ఏడుపు గొంతు వినబడింది.

“ఆ దిక్కుమాలిన కార్డుల కోసం కళ్ళు పోగొట్టుకుంటారా? మీకు దణ్ణం పెడతాను, మానేసి ఆస్పత్రికి పదండి.”

మామగారు గొంతు తగ్గించారు.

“అవి ఉత్తుత్తివేనని నాకు మాత్రం తెలీదుటే, కానీ అవి కూడా లేకపోతే, ఉద్యోగం పోయిందని మనకి చెప్పుకోలేక రోజూ టైముకి తయారై వెళ్ళిపోయే ఆ పిల్లాడు పగలంతా ఏం చేస్తాడే?”