ప్రధానమంత్రి ఊళ్లో లేరు

"సాబ్, గేటు దగ్గర ఎవరో ముసలామె. మిమ్మల్ని చూడకుండా కదలనంటోంది" అన్నాడు నౌకరు వసాయా.

ప్రధానమంత్రి సాంవల్ ఖరల్ టీ కప్పు కింద పెట్టాడు.

"పేరేమిటట?"

"భాగన్ మాయి. డేరా అనే ఊరి నుంచి బస్సులో వచ్చిందట."

సాంవల్ లేచి కిటికీ తెర లాగేశాడు.

మరచిపోయే పేరు కాదది. ఎన్నికల ముందు ముల్తాన్ సభలో జనాన్ని తోసుకుంటూ వేదికెక్కి, కొడుకు ఫొటో అతని చేతిలో పెట్టిందామె. కాలేజీకి వెళ్తున్న కుర్రాణ్ని మఫ్టీలో వచ్చినవాళ్లెవరో జీపెక్కించుకుపోయారు. పేరు మునీబ్. ఆ తర్వాత ఆచూకీ లేదు.

అప్పటికి సాంవల్ రాజకీయాలకు కొత్త. పేరంతా పాటతో వచ్చిందే. పెళ్లిపందిట్లో, లారీలో, టీకొట్లో, ఎక్కడ విన్నా అతని గొంతే. ఆ రోజు మునీబ్ ఫొటోను పైకెత్తి పట్టుకుని ఒక జోలపాట అందుకున్నాడు. మైదానం మైదానమంతా ఏడ్చింది.

"నేను గద్దెనెక్కానా, నీ కొడుకు ఇంటికొచ్చినట్టే అమ్మా!" అన్నాడు మైకులో.

ఆ ఒక్క పాటే గెలిపించిందన్నారు జనం.

గెలిచిన కొత్తలో సైన్యాధిపతి జనరల్ గారింట్లో విందు జరిగింది. సాంవల్ మెల్లగా మునీబ్ సంగతి కదిపాడు.

జనరల్ పులావ్ వడ్డించుకుంటూ నవ్వాడు.

"ప్రధానిగారూ, గోధుమపిండి ధర మీరు చూసుకోండి. కుర్రాళ్ల సంగతి మేం చూసుకుంటాం. ముందు ఓ పాటందుకోండి. మా ఆవిడకు మీ గొంతంటే ప్రాణం."

సాంవల్ పాడాడు.

మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎవరిని మంత్రిగా ఉంచాలో, ఎవరిని తీసేయాలో, ఏ వార్త రాకూడదో, అన్నీ అక్కడ్నుంచే వచ్చేవి. అతను సంతకం పెట్టేవాడు. ఈమధ్యే ఒకసారి కడుపుమంట ఆపుకోలేక "ఈ దేశానికి ప్రధాని ఒక్కడే" అని టీవీలో అనేశాడు. అప్పట్నుంచి జనరల్ అతని ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇప్పుడు ఈమె.

"ఏం చెప్పమంటారు సాబ్?"

"ఊళ్లో లేనని చెప్పు."

"మీ కారు లోపలికి రావడం చూసిందామె."

"కారొచ్చింది, నేను రాలేదని చెప్పు! ఏ ముఖం పెట్టుకుని చూడమంటావు వసాయా? నా కొడుకేడీ అంటే ఏం చెప్పను?"

వసాయా ఒకప్పుడు అతని పాటకు ఢోలక్ వాయించినవాడు. ఆ చనువుతో తల అడ్డంగా ఊపుతూనే వెళ్లాడు.

కాసేపటికి తిరిగొచ్చాడు.

"కొడుకు సంగతి కాదట సాబ్. మీకొక్క మాట చెప్పేసి పోతానంటోంది. ఎవరికీ చెప్పదట, మీకే చెప్పాలట."

"అందరూ అలాగే అంటారు. లోపలికొచ్చాక కాళ్లమీద పడతారు. పంపించెయ్."

ఆమె పోలేదు. కాపలావాళ్లు రెక్క పట్టుకుని రోడ్డవతల దింపితే, అక్కడే ఎండలో కూర్చుంది. సాయంత్రం సాంవల్ వెనక గేటునుంచి వెళ్లిపోయాడు.

ఆ నెల తిరక్కుండానే కథ మారింది. నిన్నటిదాకా అతని పాటలు పాడుకుంటూ తిరిగిన పార్లమెంటు సభ్యులు ఒక్కొక్కరే అవతలి బెంచీలకు నడిచారు. ప్రభుత్వం పడిపోయింది. ఆ వెంటే పోలీసులొచ్చారు. దొంగ ఏడుపులతో ఓట్లు కొల్లగొట్టాడని కేసు.

జైలు గదిలో ప్రశ్నలడగడానికి ఒక కల్నల్ వచ్చాడు. మామూలు బట్టల్లోనే ఉన్నాడు. వస్తూనే ఫోన్ తీసి సాంవల్ ముందు పెట్టాడు.

అందులో ముఖం కనబడకుండా బుర్ఖా వేసుకున్న ఒకామె విలేకరుల ముందు వెక్కుతోంది. "నా కొడుకెక్కడికీ పోలేదు. గల్ఫ్‌లో పని చేసుకుంటున్నాడు. వేదికెక్కి ఏడవమని ఆ పాటగాడే నేర్పాడు."

సాంవల్ చేదుగా నవ్వాడు.

"భాగన్ మాయి చేతా చెప్పించారన్నమాట. గేటు దగ్గర్నుంచి పంపించేశాననే కదా, ఈ కక్ష?"

కల్నల్ కళ్లు చిట్లించాడు.

"ఆ ముసలిదా? ఇది వేరే మనిషయ్యా. ఆవిడే ఒప్పుకుని ఉంటే ఇంకోదాన్ని వెతుక్కునే ఖర్మ మాకెందుకు?"

"ఏం ఒప్పుకుంటే?"

"ఇవే మాటలు. టీవీ ముందు ఈ నాలుగు మాటలూ అనేస్తే నీ కొడుకు గల్ఫ్ నుంచి వచ్చినట్టు ఇంటికొచ్చేస్తాడన్నాం. నమ్మదేమోనని వాడితో ఫోన్లో మాట్లాడించాం కూడా."

సాంవల్ లేచి నిలబడ్డాడు.

"మునీబ్... బతికే ఉన్నాడా?"

"అప్పటికి ఉన్నాడు."

కల్నల్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. సాంవల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మరి ఆమె ఏమంది?"

"ఏమంటుంది? కొడుకు గొంతు విని తనివితీరా ఏడ్చింది. ఆలోచించుకుని చెబుతానంది. సరేనని వదిలేశాం."

కల్నల్ చెయ్యి విడిపించుకుని తలుపు దాకా నడిచాడు.

"మర్నాడు వెళ్లి చూస్తే ఇంటికి తాళం. నీకు గొయ్యి తవ్వుతున్నారని చెప్పి నిన్ను కాపాడుకుందామని, కన్నకొడుకును మాకొదిలేసి, బస్సెక్కి నీ గేటు దగ్గరికొచ్చింది."