కళ్ళు తెరిచిన ఫోటో

"మనిషి కదులుతున్నా ముఖం అలుక్కుపోకూడదన్నా. నాకు అదొక్కటే కావాలి."

మంగళూరులో పాత కెమెరాలు అమ్మే ఫెలిక్స్ లోబో కొట్టుకి వారిజ రావడం అదే మొదటిసారి. రెండు బస్సులు మారి వచ్చింది. ఏ ఆటకని అడిగాడు ఫెలిక్స్. తన తమ్ముడు కంబళ దున్నల పందేల మనిషని చెప్పింది. కడందలె చెన్నప్ప.

ఫెలిక్స్ చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాడు. ఇరవై ఏళ్ళు పత్రికలకు కంబళ ఫోటోలు తీసిన మనిషాయన. మోకాలు చెడి నాలుగేళ్ళుగా మైదానం మొహం చూడలేదు గానీ, చెన్నప్పను మరిచిపోతాడా? బురదనీళ్ళలో దున్నల జత వెనక వాడు పరుగెడితే, లేచిన నీళ్ళు కింద పడేలోపు వాడు అవతలి గట్టు మీద ఉంటాడట. గెలిచాక కూడా నవ్వడట, దున్నల మూతి నిమురుతాడట. ఫెలిక్స్ చెబుతూనే ఉన్నాడు. తమ్ముడి గురించి అలా మాట్లాడేవాళ్ళు దొరికి ఎన్నాళ్ళో అయింది. వారిజకు ఆయన నోరు ఆపకుండా ఉంటే బాగుండుననిపించింది.

కంప్యూటర్లో వెతికి చెన్నప్ప ఫోటోలు ఎనిమిది తీశాడు. ఎనిమిదింటిలోనూ దున్నల ముఖాలు పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. వెనక మనిషి ఉండాల్సిన చోట నీళ్ళే. కంబళలో దున్నల పేర్లు పిల్లాజెల్లా అందరికీ తెలుసు. వాటిని తోలినవాడి ముఖం ఎవడికి కావాలి?

"అందుకే అడుగుతున్నా. మా గోడ మీద వాడిది ఒక్క ఫోటో లేదు."

"దీనికి ఇంత కెమెరా ఎందుకక్కా? పందెం అయ్యాక రెండు నిమిషాలు నిలబెట్టి తీస్తే సరిపోదా?"

"వాడు కదలకుండా ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని ఉంటాడన్నా. ఆ ఫోటో నాకొద్దు. కళ్ళు తెరిచి ఉన్నది కావాలి."

ఫెలిక్స్ నవ్వాడు. మైదానంలో పులులన్నీ కెమెరా ముందు పిల్లులేనన్నాడు. ఎంత దూరం నుంచి తీస్తావని అడిగాడు. పది అడుగులంది. పది అడుగుల్లో నిలబడితే దున్నలు నిన్ను తొక్కి చట్నీ చేస్తాయని కోప్పడ్డాడు. ఆమె తల దించుకుని నవ్వింది, దిద్దలేదు.

తండ్రి ఫోటో కూడా ఇంట్లో లేదని, ఆయనా నిలకడగా ఉన్న మనిషి కాదని అంది.

"అయితే మీది వంశమే పరుగుల వంశం."

"అవునన్నా. నాన్నప్పుడు ఇలాంటి కెమెరాలుంటాయని మాకు తెలియదు. వీడిదన్నా ఈ ఏడాదే తీసుకోవాలి. వచ్చే ఏటికి కుదరదు."

వయసెంతని అడిగాడు. ముప్పై ఆరు. ఫెలిక్స్ తల పంకించాడు. ఆ వయసులో ఇంకా నిలవడమే గొప్ప అన్నాడు.

తర్వాత అసలు పనిలో పడ్డాడు. మెరిసిపోయే కొత్త కెమెరా ఒకటి, గీతలు పడిన బరువైన నల్లది ఒకటి బల్ల మీద పెట్టాడు. కొత్తది పెళ్ళిళ్ళకి బాగుంటుందట. నల్లది ఆటల కోసమే పుట్టిందట, రెప్పపాటులో పదిహేను ఫోటోలు లాగుతుంది, మనిషి కన్ను ఎటు పోతే అటు వెంటపడుతుంది.

"కంటి వెంటా?"

"కంటి వెంటే."

ఆమె నల్లదాన్నే దగ్గరకు లాక్కుంది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్ళు, ఏ మీట దేనికో ఒక్కసారి చెబితే పట్టేశాయి. ఫెలిక్స్ ఆమెను వాకిట్లోకి తీసుకెళ్ళి, స్కూటర్ల మీద తీసి చూడమన్నాడు. ఆమె స్కూటర్లు వద్దంది. అన్నా, మీరు తల అటూ ఇటూ గట్టిగా ఊపండి అంది.

అరవై ఏళ్ళ మనిషి, నడివీధిలో, పూనకం వచ్చినట్టు తల ఊపాడు. పక్క కొట్టు సోడా అతను నోరు తెరుచుకుని చూశాడు.

ఫోటోలో ఫెలిక్స్ బట్టతల, ముక్కు మీద పుట్టుమచ్చ, రెండు కళ్ళు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వారిజ దాన్ని చాలాసేపు చూసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నా అందం చూసి ఏడ్చిన మనిషివి నువ్వే అక్కా," అన్నాడు ఫెలిక్స్.

ధర చెబితే బేరం కూడా ఆడలేదు. ఆయనే సిగ్గుపడి కొంత తగ్గించాడు. ఫోటో బాగా వస్తే ఒకటి తనకూ తెచ్చివ్వమన్నాడు. తప్పకుండా తెస్తానంది.

ఆదివారం ఊరంతా కంబళకు పోయింది. వారిజ నడవలోకి వెలుతురు వచ్చేలా తలుపులు బార్లా తెరిచి, కెమెరా కంటికి ఆనించుకుంది.

తండ్రిని తీసుకుపోయిన జబ్బే తనకూ పట్టి, మూడేళ్ళుగా నిద్రలో తప్ప తల, చేతులు ఒక్క క్షణం నిలవక కొట్టుకుంటున్న చెన్నప్ప, మంచం మీద నుంచి అక్క వైపు చూడాలని ప్రయత్నిస్తున్నాడు.