జైసింగ్ పందెం

“ఇవి గూడ కాదు సేటూ, మడిమ కింద గట్టిగున్నయి,” అంటూ సునీల బూటులోంచి చెయ్యి బయటికి తీసింది.

కామారెడ్డి బస్టాండు ఎదుటి ఆ దుకాణంలో బల్ల మీద బూట్లు గుట్టపడ్డాయి. దుకాణదారు పర్శరాములు ఓపికగలవాడే గానీ, ఆ ఓపికా అడుగంటుతోంది. పక్కన స్టూలు మీద కూర్చున్న ప్రేమ్‌కుమార్ సంగతి చెప్పనక్కరలేదు. సెలవు ముగించుకుని సౌదీకి తిరిగి వెళ్తున్నాడతను. సాయంత్రం బస్సుకి హైదరాబాదు ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కేటప్పుడే సునీల వెంటబడింది. ఆమె భర్త జైసింగ్ కూడా సౌదీలోనే ఉన్నాడు. పోయినవాడు ఇంతవరకూ ఇంటిముఖం చూడలేదు.

“ఇంతకీ జైసింగ్ ఉరుకుడేంది చెల్లె?” అన్నాడు ప్రేమ్‌కుమార్.

“బక్రీదుకు పందెమున్నదన్నా. గెలిస్తే ఇంటికొస్తడు. ఈ పండుగ తప్పితే మళ్ల ఏడాది దాక మోకా రాదట.”

“టికెట్ మాలిక్ ఇస్తడా?”

“గెలిస్తే ఇంటికొస్తడు,” అంది సునీల మళ్లీ అదే మాట.

“దొడ్డోడు దొరికిండు నీ మొగనికి. నా మాలిక్ చాయ్ గూడ పొయ్యడు.”

సునీల ఇంకో బూటు చేతిలోకి తీసుకుంది. పోయిన వారం జైసింగ్ ఎవరి ఫోన్లోంచో మాట్లాడాడు. గొంతు తగ్గించి, గబగబా. పోయినసారి చెప్పు తెగి సగంలోనే పడిపోయానని, ఈసారి మంచి బూట్లు పంపమని చెప్పి పెట్టేశాడు. పడిపోయాక ఏమైందో అతను చెప్పలేదు. అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఆ రోజు నుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు. బూటు కరిస్తే అతను ఆగిపోతాడు. ఆగిపోతే ఇక ఆశ లేదు.

“ఎక్కడ ఉరుకుతడు బిడ్డా, రోడ్డు మీదనా, గ్రౌండులనా?” అడిగాడు పర్శరాములు.

“ఇసుకల.”

“ఎంత దూరం?”

“రోడ్డు దాక. మస్తు దూరమట.”

ఆమె సంచిలోంచి జైసింగ్ వదిలివెళ్లిన పాత చెప్పు తీసి బల్ల మీద పెట్టింది. పర్శరాములు దాన్ని తిరగేసి చూశాడు.

“లోపలి దిక్కే అరిగింది సూడు. అరికాలు సపాటు. గిసుంటి కాలికి ఉత్త మెత్తన సరిపోదు, లోపలి దిక్కు ఎత్తుండాలె. దూరం ఉరికితే కాలు ఉబ్బుతది. బొటనేలు ముంగట జర జాగుండాలె.”

అతను లోపలికెళ్లి నీలం, తెలుపు కలిసిన జత తెచ్చాడు. “మెత్తటివి. లైటు పడితే పట్టీలు తళతళ మెరుస్తయి.”

“మెరుపులొద్దు సేటూ. ఆయనకు సోకులు గిట్టవు.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం అనుకుంటూ పర్శరాములు మట్టిరంగు జత తీశాడు. సునీల అందులో చెయ్యి పెట్టి, బొటనవేలితో మడిమ నొక్కి చూసింది. ముందువైపు వెడల్పు కొలుచుకుంది. తర్వాత ప్రేమ్‌కుమార్ వైపు తిరిగింది.

“నీ కాలూ ఆయన కాలూ ఒకటే సైజు. ఏసుకొని జర ఉరుకన్నా.”

“బజార్లనా? నవ్వుతరు చెల్లె.”

“నవ్వనియ్.”

ప్రేమ్‌కుమార్ గొణుక్కుంటూనే చాయ్ బండి దాకా పరుగెత్తి వచ్చాడు. చాయ్ తాగేవాళ్లు నిజంగానే నవ్వారు.

“చప్పుడైతున్నయి,” అంది సునీల.

“బూట్లన్నంక చప్పుడు గాదా?”

“వద్దన్నా. వేరేవి సూద్దాం.”

పర్శరాములు నిట్టూర్చి అదే రంగులో ఇంకో జత ఇచ్చాడు. ప్రేమ్‌కుమార్ మళ్లీ పరుగెత్తాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

“మెత్తగున్నయా? ఒట్టేసి చెప్పు.”

“ఒట్టు. దూది మీద నడిచినట్టున్నది.”

సునీల కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు ముడి విప్పి పైకం పర్శరాములు చేతిలో పెట్టింది.

“ఒక్క మాట బిడ్డా,” అన్నాడతను. “కొత్త బూట్లు కరుస్తయి. కొన్ని దినాలు ఏసుకొని తిరిగి, సాగినంకనే ఉరుకుమను.”

ఆమె ముఖం పాలిపోయింది. “అన్ని దినాలు లేవు సేటూ.”

“అసలు నా బ్యాగుల జాగే లేదు,” అన్నాడు ప్రేమ్‌కుమార్. “అవ్వ పెట్టిన తొక్కు సీసాలకే కాంటా దాటుతది.”

సునీల అతని ముందు నేల మీద కూర్చుండిపోయింది. రెండు చేతులతో ఆ బూట్లనే, అతని కాళ్లతో సహా, పట్టుకుంది.

“నీ కాళ్లు మొక్కుతన్నా. ఇప్పవద్దు, గిట్లనే ఏసుకపో. నీ కాళ్లకే సాగుతయి. ఆయన కాడికి నీళ్లు తెచ్చే ట్యాంకర్ డ్రైవరు నీ రూముకొచ్చి తీసుకుంటడు.”

“లే చెల్లె, లే. ఏసుకపోత.” ప్రేమ్‌కుమార్‌కు సిగ్గేసింది. పొద్దుటి నుంచీ ఆమెను విసుక్కున్నందుకు మనసు చివుక్కుమంది.

సాయంత్రం హైదరాబాదు బస్సు నిండింది. ప్రేమ్‌కుమార్ కిటికీ పక్కన కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. సునీల కిందే నిలబడి ఆ కిటికీ ఊచను వదలకుండా పట్టుకుంది.

“రంది వడకు,” అన్నాడతను. “గిసుంటి బూట్లు ఆడ ఎవని కాళ్లకుంటయి? నీ మొగడే గెలుస్తడు. అన్నట్టు, పందెంల ఎంతమంది ఉరుకుతున్నరు?”

డ్రైవరు ఇంజిను స్టార్టు చేశాడు. సునీల అటూ ఇటూ చూసింది. ఆ బూట్లు మోసుకుపోయే మనిషికి కూడా అబద్ధం చెప్పి పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. మడమలెత్తి, అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది.

“ముంగట ఆయనొక్కడు, ఎనుక మాలిక్ జీపు.”