వియ్యపురాలి ఆకు

“వదినా, ఆకు మడిసీకండి!” అంటూ పెళ్లికూతురి తల్లి బేబి పప్పుగిన్నెతోనే పరుగెత్తుకొచ్చింది.

వియ్యాలవారి విందులో పెళ్లికొడుకు తల్లి ఆకు మడిస్తే పంక్తి యావత్తూ లేవవలసిందే. బరువు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకున్న ఈశ్వరికి నాలుగు ముద్దలతోనే భోజనం ముగిసింది. తక్కిన నలభైమందికి ఇంకా సాంబారైనా రాలేదు.

“మడవన్లెండి. అందరూ తినీదాకా ఇలాగే కూకుంటాను,” అంది ఈశ్వరి.

ఆమె భర్త మహేశ్వరరావు అందుకున్నాడు: “ఇదివరకు నువ్వెప్పుడు లెగుత్తావా అని సూసీవోరు. ఇప్పుడు లెగిసిపోతావేమోనని బెంగెట్టుకుంటన్నారు!”

పంక్తి గొల్లుమంది. ఈశ్వరి అందరికంటే బిగ్గరగా నవ్వింది. నవ్వుతూనే చూసింది: బేబి పప్పుగిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

“మీరేటి తిన్నారొదినా?”

“పొద్దున్న టీ తాగేను. మీ పంక్తి లెగిసేక తింతాను. ఆడపెళ్లోరం కదా!”

ఈశ్వరి నవ్వు ఆగింది. “ఎన్ని విందులు తిన్నానో! తల దించుకుని తినీడమే గానీ, వడ్డించినోళ్ల మొకం ఎప్పుడూ సూళ్లేదు. నా పక్కన కూకోండి.”

“అమ్మో! మగపెళ్లోరి పంక్తిలోనా?”

“కూకోకపోతే ఆకు మడిసీగల్ను.”

ఆమె చేయి ఆకు అంచును తాకింది.

“కూకోండమ్మా, కూకోండి!” నలభై గొంతులు ఒక్కసారిగా మొత్తుకున్నాయి.

నవ్వాపుకోలేక బేబి చతికిలబడింది. ఈశ్వరి ఆమె ముందు కొత్త ఆకు వేయించి, భర్త వైపు తిరిగింది.

“లెగండి. సెయ్యి కడుక్కుని సాంబారు అట్టుకురండి.”

“నేనా? పెళ్లికొడుకు తండ్రినే!”

“అందుకే ముందు వదినకి వెయ్యండి.”

పంక్తి ఈలలు వేస్తుండగా మహేశ్వరరావు పంచె ఎగగట్టాడు.