వదులు కోటు

కేజీఎఫ్‌లో గని కార్మికుల లైబ్రరీ. గోడ మీద రామాంజినప్ప నూనెరంగుల బొమ్మ. యాభై ఏళ్ల కిందట సొరంగంలో బండ విరిగిపడి పోయిన మనిషి.

దాని ముందు స్టూలు వేసుకుని, నేత్రావతి అదే బొమ్మను అట్ట మీద దించుతోంది.

ఇది అచ్చంగా దిగితేనే నాగేశ్ మాస్టారు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేయడం నేర్పుతాడు. లేదంటే ఇంటికే.

మొహం ఎట్లాగో దిగింది. చిక్కంతా కోటు దగ్గరే. అదేం కోటో, భుజాల మీద నిలవదు, జారిపోతూ ఉంటుంది.

వేసినాయనే తప్పు చేశాడనుకుంది. భుజాలు పెంచి, కోటు బిగించింది.

“బిగించొద్దమ్మా. అది వదులు కోటే.”

వెనక బెంచీ మీద రోజూ పేపరు చదివే ముసలాయన.

“రామాంజినప్ప కుస్తీలు పట్టే వస్తాదంట కదా తాతా?”

“అవును, వస్తాదే.”

“మళ్ళ వస్తాదుకు కోటు వదులెట్లయితాది?”

“అయితాదమ్మా. మెడ గూడా అంత నిక్కించొద్దు. అట్ల మూడు దినాలు కూర్చుంటే పట్టుకుంటాది.”

నేత్రావతికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

“బొమ్మకు మెడ పట్టుకుంటాదా? నాకు చెప్పేకి మాస్టారుండాడు. యాడన్నా పొయ్యి చదువుకో తాతా, దండం పెడతా!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలాయన పేపరు మడిచిపెట్టి లేచాడు. గొడుగు మర్చిపోయాడు.

శనివారం మాస్టారు బొమ్మ చూశాడు.

“నువ్వు చూసి దించలేదమ్మా, అనుకొని దించినావు. కోటు యాడ బిగువుండాది? ఇంగొక్క వారం ఇస్తా. అంతే.”

తాతనే అడుగుదామని బొమ్మ చంకన పెట్టుకుని లైబ్రరీకి పరుగున వచ్చింది. బెంచీ ఖాళీ. గొడుగు అట్లాగే ఉంది. నాలుగు రోజులూ అదే తంతు.

ఐదోరోజు ఒక ముసలమ్మ వచ్చింది.

“మా మరిది గొడుగు ఈడుండాదామ్మా?”

“ఉండాదవ్వా. తాత యాడ?”

“సోమవారం పోయినాడు. నిద్దర్లోనే.”

నేత్రావతి కుంచె పక్కన పెట్టి, బెంచీ మీది గొడుగు తెచ్చింది.

గొడుగు అందుకుంటూ ముసలమ్మ, మాస్టారు కాదన్న ఆ బొమ్మ చూసింది. దగ్గరికొచ్చి భుజాలు తడిమింది.

“ఇదో, ఇట్లే ఉండె మా ఆయన భుజాలు.”

“నువ్వు రామాంజినప్ప భార్యవా? మళ్ళ గోడ మీద అట్ల లేవే?”

“మా ఆయనకి ఫొటో ఒకటన్నా లేకపాయెనమ్మా, ఆయన కోటు తొడిగించి, ఈ గొడుగు మనిషినే కూర్చోబెట్టి ఏసినారు.”