గడప దాకా వచ్చిన సైన్యం

నంద్యాల నెట్ సెంటర్‌లో కూర్చుని, ఆన్‌లైన్ యుద్ధం ఆటలో మద్దిలేటి తన సైన్యాన్ని అదే ఆట ఆడుతున్న మామగారి రాజధాని దాకా నడిపాడు. ఇక ఒక్క క్లిక్కు చాలు. కానీ కొత్త అల్లుడు కదా, చెయ్యి ఆడలేదు.

ఆళ్లగడ్డ నుంచి మామ ఓబులయ్య ఫోన్ చేశాడు.

"అల్లుడా, మీ సిపాయిలు మా గడప కాడికొచ్చినారు. అన్నం తిన్యారా?"

మద్దిలేటి కరిగిపోయాడు. "మీ మింద దాడి చెయ్యన్లే మామా."

"ఎనక మీ దేశాల్లో కాపలాకు ఎంతమంది ఉండల్ల?"

"దేశానికొకడుంటే సాలు. అదే రూలు."

"అయితే మిగిలినోళ్లను గూడా పిల్చుకోని రా."

పెద్దాయన మాట కాదనలేక అందరినీ రప్పించాడు.

మర్నాడు చూస్తే, మామ సైన్యం సముద్రం మీదుగా వెనక నుంచి వచ్చి అతని దేశాలన్నీ ఆక్రమించింది.

"ఏందీ మామా ఇది?"

"మీరంతా మా ఇంటికొచ్చిరి. మేము తిరిగి మీ ఇంటికి రాకుంటే ఏం బాగుంటాది అల్లుడా!"